దుబాయ్‌లో మొదటి నలభై రోజుల లెక్క

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే. కాగితం, కలం ఉన్నవాళ్లు బయటికి తీయండి. ఇవాళ చెప్పేదాంట్లో సగం అంకెలే, ఊరికే వింటూ పోతే గుర్తుండవు.

దుబాయ్ నుంచి ఆఫర్ లెటర్ రాగానే మన ఇళ్లలో మొదట జరిగే పని ఒకటుంది. జీతాన్ని ఆనాటి రూపాయి మారకం రేటుతో గుణిస్తారు. దిర్హాముకు 23 రూపాయలనుకుంటే 12,000 దిర్హాములంటే 2 లక్షల 76 వేల రూపాయలు. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు, మొత్తం చేతికే వస్తుంది. అద్దెకింత, తిండికింత, పిల్లల చదువుకింత తీసేస్తే నెలకు లక్ష మిగలదా అని అనుకుంటారు. గుణకారం తప్పేం కాదు. తప్పల్లా ఖర్చు కూడా జీతంలాగే నెలనెలా వస్తుందనుకోవడం. దుబాయ్‌లో జీతం నెలకోసారి వస్తుంది, ఖర్చు మాత్రం ముందే ముద్దగా వచ్చి మీద పడుతుంది. అద్దె మూడేసి నెలలది ఒకేసారి కట్టాలి. డిపాజిట్లు ఒకేసారి. ఇన్సూరెన్సు ఏడాదికోసారి, స్కూలు ఫీజు టర్ముకోసారి. నెల సగటు వేసుకుని విమానం ఎక్కినవాళ్లు రెండో నెలకే క్రెడిట్ కార్డు మీద పడేది ఇందుకే. అందుకని ఇవాళ మొదటి నలభై రోజుల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

విమానం ఎక్కకముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, దాంతో మొదలుపెడదాం. ఆఫర్ లెటర్లో మొత్తం జీతం కింద రెండు మూడు వరుసలుంటాయి. బేసిక్ ఎంత, హౌసింగ్ అలవెన్సు ఎంత, ట్రాన్స్‌పోర్ట్ ఎంత అని. మనవాళ్లు చాలామంది కింద ఉన్న మొత్తం చూసి సంతకం పెట్టేస్తారు. చూడాల్సింది పైన ఉన్న బేసిక్. ఎందుకంటే ఉద్యోగం అయిపోయాక వచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే కడతారు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజుల బేసిక్. కనీసం ఏడాది పనిచేసి ఉండాలి.

ఇద్దరికీ 12,000 జీతమే అనుకోండి. ఒకరికి బేసిక్ 5,000, ఇంకొకరికి 8,000. మొదటివారికి ఏడాదికి 3,500 చొప్పున అయిదేళ్లకు 17,500 వస్తుంది. రెండోవారికి ఏడాదికి 5,600, అయిదేళ్లకు 28,000. తేడా 10,500 దిర్హాములు. ఉద్యోగం పోతే ఆదుకునే ఇన్సూరెన్సు కూడా అంతే. 2023 జనవరి నుంచి అది తప్పనిసరి. బేసిక్ 16,000 లోపు ఉంటే నెలకు 5 దిర్హాములు, పైన ఉంటే 10. ఏడాదిపాటు ఆపకుండా కట్టి ఉండాలి, మీ అంతట మీరు రాజీనామా చేస్తే రాదు. కంపెనీయే తీసేస్తే బేసిక్‌లో 60 శాతం చొప్పున గరిష్ఠంగా మూడు నెలలు ఇస్తారు. బేసిక్ 5,000 అయితే నెలకు 3,000. ఆ మూడు వేలలో అద్దె కట్టి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. బేరమాడటానికి మీకు ఒక్కటే అవకాశం ఉంది, అది సంతకానికి ముందు. మొత్తం పెంచడానికి కంపెనీ ఒప్పుకోకపోయినా, ఉన్నదాంట్లోనే బేసిక్ వాటా పెంచమని అడగండి. వాళ్లకు ఆ నెలకు ఒక్క దిర్హాము కూడా అదనంగా పడదు కాబట్టి చాలా చోట్ల ఒప్పుకుంటారు.

ఇంకోటి కూడా అప్పుడే అడగాలి. హౌసింగ్ అలవెన్సును ఏడాదిదో ఆరు నెలలదో ముందే అడ్వాన్సుగా ఇస్తారా, మొదటి నెల ఉండటానికి చోటు చూపిస్తారా అని. నా అభిప్రాయం అడిగితే, జీతంలో 500 పెంచడం కంటే ఈ అడ్వాన్సు దొరకడం మేలు. ఎందుకో ఫ్లాటు లెక్క చూశాక మీకే తెలుస్తుంది.

దిగిన తర్వాత పనులు గొలుసులా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. మెడికల్ టెస్టు, వేలిముద్రలు అయ్యాక ఎమిరేట్స్ ఐడీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు, వస్తుంది. ఐడీ ఉంటేనే బ్యాంకు ఖాతా. ఖాతాలో జీతం పడటం మొదలయ్యాకే చాలా బ్యాంకులు చెక్కుబుక్కు ఇస్తాయి. చెక్కులు ఉంటేనే ఎక్కువమంది ఇంటి యజమానులు ఫ్లాటు ఇస్తారు. ఫ్లాటు అగ్రిమెంటును ఎజారీలో, అంటే అద్దె ఒప్పందాల ప్రభుత్వ రిజిస్టరులో, నమోదు చేస్తేనే కుటుంబానికి వీసా. వీసా, ఐడీ ఉంటేనే పిల్లల అడ్మిషన్ పూర్తవుతుంది. ఇందులో ఒక్క కొక్కెం ఆలస్యమైనా వెనకున్నవన్నీ ఆగిపోతాయి. అందుకే భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని విజిట్ వీసా మీద ఒకేసారి దిగడం నేను వద్దంటాను. హోటల్ అపార్ట్‌మెంటులో నలుగురూ ఉంటే డబ్బు నీళ్లలా పోతుంది.

ఆ మొదటి నెల ఒక్కరే ఉండటానికి బెడ్ స్పేస్ (మంచం వరకే అద్దె) అనో షేరింగ్ రూమ్ అనో చూస్తారు. చూడండి, తప్పు లేదు. కానీ ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి హాలును మూడు గదులు చేసిన పార్టిషన్లలోకి మాత్రం వెళ్లకండి. అనుమతి లేకుండా అలా కట్టడం అక్కడ చట్టవిరుద్ధం. 2025 జూన్‌లో రిగ్గా, మురక్కబాత్, సత్వా, బర్షా, రఫా ప్రాంతాల్లో మున్సిపాలిటీ వరసగా తనిఖీలు చేసింది. అలాంటప్పుడు రాత్రికి రాత్రి ఖాళీ చేయాల్సి వస్తుంది, ఇచ్చిన అడ్వాన్సు తిరిగి అడగడానికి మీ చేతిలో రసీదు ఉండదు. డబ్బు సంగతి అటుంచి, నిప్పంటుకుంటే బయటికి వచ్చే దారి ఉండదు.

ఇప్పుడు ఫ్లాటు. బోర్డు మీద రాస్తున్నాను, మీరూ రాసుకోండి. ఒక బెడ్‌రూమ్ ఫ్లాటు, ఏడాది అద్దె 60,000, నాలుగు చెక్కులు అనుకుందాం. ఏరియాను బట్టి, భవనాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. ఇది లెక్క చూపించడానికే. మొదటి చెక్కు 15,000. ఏజెంటు కమిషన్ సాధారణంగా ఏడాది అద్దెలో 5 శాతం, అంటే 3,000. దాని మీద 5 శాతం వ్యాట్, ఇంకో 150. సెక్యూరిటీ డిపాజిట్, సామాన్లు లేని ఫ్లాటుకు 5 శాతం, 3,000. ఫర్నిచర్ ఉన్న ఫ్లాటుకైతే 10 శాతం అడుగుతారు. ఎజారీ నమోదుకు టైపింగ్ సెంటర్లో సుమారు 220. కరెంటు, నీళ్లు ఇచ్చే దుబాయ్ ప్రభుత్వ సంస్థ దేవాకు డిపాజిట్ 2,000, కనెక్షన్ రుసుములు సుమారు 130. కలపండి. 23,500 దిర్హాములు. దిర్హాముకు 23 రూపాయల చొప్పున 5 లక్షల 40 వేలు. ఇంకా ఇంట్లో గిన్నె పెట్టలేదు.

సామాన్లు లేని ఫ్లాటంటే ఫ్రిజ్, స్టవ్, వాషింగ్ మెషీన్ ఏవీ ఉండవు. మన ఊళ్లో ఖాళీ ఇల్లు ఎలా ఉంటుందో అలాగే. సెకండ్ హ్యాండ్‌వి కొన్నా మంచం, పరుపుతో కలిపి ఓ 4,000 వేసుకోండి. ఫ్లాటు దొరికేదాకా ఉండటానికి, తినడానికి, తిరగడానికి ఇంకో 4,000. మొత్తం 31,500. అంటే 12,000 జీతగాడికి రెండున్నర నెలల పైచిలుకు జీతం, రెండో జీతం అందకముందే. రూపాయల్లో 7 లక్షల 25 వేలు. అడ్వాన్సు అడగమని ఇందాక ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైంది కదా. జీతంలో 500 పెంచితే ఏడాదికి వచ్చేది 6,000. మీకు కావలసింది 31,500, అదీ మొదటి నలభై రోజుల్లో.

చెక్కుల సంగతి. నాలుగు చెక్కులంటే ఒకటి ఇవాళ చెల్లుతుంది, మిగతా మూడు రాబోయే తేదీలు వేసి యజమాని చేతిలో పెట్టాలి. చెక్కులు తగ్గిస్తే అద్దె కొంచెం తగ్గించమని అడగొచ్చు, ఒకే చెక్కుకు ఇచ్చేవాళ్లకు యజమానులు మంచి ధర ఇస్తారు. కానీ ఆ తగ్గింపు కోసం మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి డబ్బు తేకండి. 60,000 అద్దెలో 2,000 తగ్గిందంటే మూడు శాతం పైన. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం.

చెక్కు బౌన్సయితే ఏమవుతుంది? 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేకపోవడం ఒక్కదానికే చాలావరకు క్రిమినల్ కేసు పెట్టడం లేదు. అది విని ధైర్యం తెచ్చుకోకండి. ఆ చెక్కునే తీర్పుతో సమానంగా పట్టుకుని యజమాని నేరుగా కోర్టులో వసూలుకు వెళ్లొచ్చు. ఖాతాలో ఎంత ఉంటే అంత బ్యాంకు ముందు ఇచ్చేస్తుంది. ప్రయాణ నిషేధం కూడా పడొచ్చు. చెక్కు ఆగాలని ముందే ఖాతా మూసేయడం, సంతకం కావాలని మార్చి పెట్టడం ఇప్పటికీ నేరమే.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయే చోటు ఒకటుంది, దీన్ని కింద గీత గీసి రాసుకోండి. ఉద్యోగంలో ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉంటుంది. ఆ ఆరు నెలల్లో 14 రోజుల నోటీసుతో కంపెనీ పంపించేయొచ్చు. ఇంటి అగ్రిమెంటు మాత్రం 12 నెలలు. మధ్యలో ఖాళీ చేసి వెళ్లే హక్కు అద్దెకున్నవారికి దానంతటదే రాదు. అగ్రిమెంటులో రాసి ఉంటేనే. కాబట్టి సంతకం పెట్టేముందు చివర ఒక వాక్యం రాయించండి: ఉద్యోగం పోయినా, బదిలీ అయినా రెండు నెలల ముందు చెప్పి, రెండు నెలల అద్దె పరిహారంగా ఇచ్చి ఖాళీ చేయొచ్చు, మిగిలిన చెక్కులు తిరిగి ఇస్తారు అని. రెండు నెలల పరిహారం అక్కడ మామూలే. ఇంకా తగ్గిస్తే మీ అదృష్టం. చెక్కులు తిరిగి ఇచ్చే మాట మాత్రం మర్చిపోకండి. మీరు హైదరాబాద్ వచ్చేశాక ఆ చెక్కు బ్యాంకులో వేస్తే, మళ్లీ దుబాయ్ మీదుగా వెళ్లేటప్పుడు తెలుస్తుంది. ప్రొబేషన్ అయ్యేదాకా షేరింగ్‌లో ఉండగలిగితే అసలు ఈ గొడవే లేదు.

నెలవారీ ఖర్చులకు వద్దాం. దేవా బిల్లు మొదటిసారి చూసి కంగారు పడతారు, ఎందుకంటే అందులో కరెంటు, నీళ్లే కాదు, హౌసింగ్ ఫీజు అని ఒక వరుస ఉంటుంది. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు భాగాలు చేసి వేస్తారు. 60,000 అద్దెకు నెలకు 250. దీన్ని ఎవరూ ముందు చెప్పరు. కరెంటు మొదటి 2,000 యూనిట్ల దాకా యూనిట్‌కు 23 ఫిల్స్ (దిర్హాముకు వంద ఫిల్స్), పైన ఇంధన సర్‌చార్జి, వ్యాట్. ఎండాకాలం ఏసీ రాత్రింబగళ్లు తిరగాల్సిందే, మానలేం.

అందుకే ఫ్లాటు చూసేటప్పుడు మొదటి ప్రశ్న చిల్లర్, అంటే ఏసీ చల్లదనం ఖర్చు, ఎవరు కడతారని. కొన్ని భవనాల్లో ఏసీ కరెంటు మీ దేవా మీటరు మీదే తిరుగుతుంది. కొన్నిటిలో చల్లదనం ఇంకో కంపెనీ పైపుల ద్వారా ఇస్తుంది, దానికి వేరే ఖాతా, వేరే డిపాజిట్. అందులో వాడకం చార్జీతోపాటు కెపాసిటీ చార్జీ అని ఒకటుంటుంది. చాలా భవనాల్లో అదీ అద్దెకున్నవాళ్ల నెత్తినే. జులైలో ఇంటికి తాళం వేసి నెల రోజులు విజయవాడలో కూర్చున్నా అది పడుతుంది. చిల్లర్ ఫ్రీ అని రాసి ఉన్న ఫ్లాటు ఏడాదికి రెండు మూడు వేలు ఎక్కువ చెప్పినా, కుటుంబంతో ఉండేవాళ్లకు తరచూ అదే చవక పడుతుంది. ఏజెంటు నోటిమాట చాలదు, అగ్రిమెంటులో ఉందో లేదో చూడండి. అదే భవనంలో వాచ్‌మన్‌నో పక్క ఫ్లాటువాళ్లనో అడిగి ఆగస్టు నెల బిల్లు చూపించమనండి. మనవాళ్లయితే కాదనరు.

మెట్రో చార్జీ ఒక జోనుకు 3, రెండు జోన్లకు 5, అంతకుమించితే 7 దిర్హాముల 50 ఫిల్స్. నెల పాసులు వరసగా 140, 230, 350. పాసు తీసుకుంటే ఎప్పుడూ లాభమే అనుకుంటాం కదా? లెక్క వేయండి. వారానికి అయిదు రోజులు పని ఉంటే నెలకు 22 రోజులు, 44 ప్రయాణాలు. ఏడున్నర చొప్పున 330. పాసు 350. నష్టం. ఆరు రోజులు పని ఉంటే 52 ప్రయాణాలు, 390. అప్పుడు పాసు లాభం. మూడు ధరల్లోనూ ఇదే వరస, కావాలంటే ఇంటికెళ్లి వేసి చూడండి.

కారు సంగతి తొందరపడకండి. మన లైసెన్సు చూపించి అక్కడి లైసెన్సు మార్చి ఇమ్మంటే ఇవ్వరు. శిక్షణ, పరీక్షలు, ఫెయిలైన ప్రతిసారీ మళ్లీ ఫీజు. అన్నీ కలిసి కొన్ని వేలు.

కుటుంబ వీసాకు జీతం కనీసం 4,000, లేదా 3,000తోపాటు కంపెనీ ఇచ్చే వసతి ఉండాలి. ఇక్కడ డబ్బుకంటే కాగితాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పెళ్లి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు ముందు మన రాష్ట్ర ప్రభుత్వం దగ్గర, తర్వాత విదేశాంగ శాఖ దగ్గర, ఆ తర్వాత మన దేశంలోని యూఏఈ ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో, చివరికి అక్కడి విదేశాంగ శాఖలో అటెస్ట్ చేయించాలి. అపోస్టిల్, అంటే కొన్ని దేశాలు ఒప్పందం చేసుకుని ఒప్పుకునే ఒకే ముద్ర, అదొక్కటీ చేయించుకుని వెళ్తే చెల్లదు, యూఏఈ ఆ ఒప్పందంలో లేదు. అటెస్టేషన్ అంటే ఒరిజినల్ కాగితం వెనక ముద్ర కొట్టడం, స్టిక్కర్ అంటించడం. మన ఇళ్లలో ఏం చేస్తాం? సర్టిఫికెట్ చిరిగిపోకూడదని ప్రేమగా లామినేషన్ చేయించి బీరువాలో పెడతాం. ఆ ప్లాస్టిక్ మీద ముద్ర పడదు. ఊడదీయబోతే అక్షరాలు దాంతోపాటే లేచి వస్తాయి. డిగ్రీ అయితే యూనివర్సిటీ నుంచి డూప్లికేట్ తెప్పించుకోవాలి, దానికి వారాలు పడుతుంది. ఇవాళ ఇంటికి వెళ్లగానే ముందు బీరువా తీసి చూడండి.

ఇంకోటి మన తెలుగువాళ్లకే ఎక్కువగా వచ్చే తంటా. ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో కె. శ్రీనివాస్ అని పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో. మూడు కాగితాల్లో మూడు రకాలు. పాస్‌పోర్టులో పేరెలా ఉందో అలాగే మిగతావి ఉండేలా ఇక్కడే సరిచేయించుకోండి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే 2022 నవంబర్ నుంచి విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. అత్తగారిని, అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకునేవాళ్లు వాళ్ల పాస్‌పోర్టులు కూడా చూడండి.

ఆరోగ్య బీమా దగ్గర ఎమిరేటుకో పద్ధతి ఉంది. దుబాయ్‌లో కంపెనీ ఉద్యోగికి మాత్రమే బీమా చేయించాలి. భార్యాపిల్లలకు మీరే చేయించాలి, చేయించకపోతే నెలకు 500 జరిమానా. అబుదాబిలో ఉద్యోగితోపాటు భార్యకు, ముగ్గురు పిల్లల దాకా కంపెనీయే చేయించాలి. రెండు చోట్ల నుంచి ఆఫర్లుంటే ఇది కూడా జీతంలో కలిపి చూసుకోవాలి. దుబాయ్‌లో అన్నిటికంటే చవక పాలసీకి ఏడాది పరిమితి 1,50,000 దిర్హాములు, డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ 20 శాతం మీరు కట్టుకోవాలి, వెళ్లగలిగే ఆసుపత్రులు తక్కువ. ముందునుంచే బీపీ, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లు ఆ విషయం ఫారంలో దాచకండి. దాస్తే క్లెయిము తిరస్కరిస్తారు, అప్పుడు బిల్లు మొత్తం జేబులోంచి పోతుంది.

మందులు, సామాను గురించి చిన్న మాట. మూడు నెలల మందులు తీసుకెళ్లేవాళ్లు డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులు ముందు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు, దగ్గు సిరప్పులు కూడా లేబుల్ చదివి సర్దండి. అమ్మ కట్టే మసాలా పొట్లాల్లో గసగసాలు ఉన్నాయేమో తప్పకుండా చూడండి. అక్కడ గసగసాలు నిషేధం. పప్పులు, సోనామసూరి, గోంగూర, పచ్చళ్లు కరామాలో, మీనా బజార్లో, పెద్ద హైపర్ మార్కెట్లలో అన్నీ దొరుకుతాయి. వాటికోసం సూట్‌కేసు బరువు పెంచక్కర్లేదు.

స్కూళ్లు మన సీబీఎస్ఈవి అక్కడ చాలా ఉన్నాయి. సెషను ఏప్రిల్‌లో మొదలవుతుంది, బ్రిటిష్ సిలబస్‌వి సెప్టెంబర్‌లో. ప్రతి స్కూలుకూ తరగతివారీగా ఎంత ఫీజు అనుమతించారో దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, స్కూలు చెప్పేదానితో పోల్చుకోండి. కొత్తగా చేరేటప్పుడు ఏడాది ఫీజులో 10 శాతం దాకా ముందు కట్టించుకుంటారు, దాన్ని ఫీజులోనే సర్దుతారు. బస్సు, పుస్తకాలు, యూనిఫారం ఆ ఫీజులో ఉండవు. ఇద్దరు పిల్లలుంటే ముందు స్కూలు చూసి, ఆ తర్వాత దానికి దగ్గరలో ఫ్లాటు చూడండి. ఫ్లాటు ముందు తీసుకున్నవాళ్లు బస్సు ఫీజు రెండింతలు కడుతుంటారు.

ఇప్పటిదాకా చెప్పింది కుటుంబంతో వెళ్లేవాళ్ల లెక్క. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప వైపు నుంచి కూలి పనికి వెళ్లే మన అన్నదమ్ములకు లెక్క వేరు. వాళ్లకు రూము కంపెనీదే, కొన్ని చోట్ల మెస్సు కూడా. వాళ్ల అసలు ఖర్చు ఇక్కడే, వీసా కోసం చేసిన అప్పు దగ్గర మొదలవుతుంది. లక్షన్నర అప్పు, మూడు రూపాయల వడ్డీ అనుకోండి. నెలకు 4,500 రూపాయలు, అంటే దాదాపు 196 దిర్హాములు. జీతం 1,000 అయితే అయిదో వంతు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. రెండేళ్ల కాంట్రాక్టులో వడ్డీయే లక్షా ఎనిమిది వేలు.

ఆ లక్షన్నర కట్టాల్సిన పనే లేదు. మన దేశపు రూలు ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. యూఏఈ చట్టం ప్రకారమైతే నియామకం ఖర్చులు పనివాడి దగ్గర వసూలు చేయకూడదు, కంపెనీయే భరించాలి. ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి, చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే అయిదు నిమిషాల పని. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలని ముద్ర ఉన్నది) ఉన్నవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనిచేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మారుస్తామని ఎవరైనా అంటే, ఆ దారిలో ఎమిగ్రేషన్ క్లియరెన్సూ ఉండదు, ఈ బీమా కూడా ఉండదు. పని దొరకక గడువు దాటితే రోజువారీ జరిమానా మొదలవుతుంది. దయచేసి మీ ఊళ్లో నలుగురికి చెప్పండి ఈ మాట.

డబ్బు పంపడం గురించి రెండు ముక్కలు. దిర్హాము 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. అందుకే రూపాయి డాలరుతో పడితే దిర్హాముతోనూ అంతే పడుతుంది. రేటు పెరుగుతుందని నెలల తరబడి ఆపుకుని కూర్చునేవాళ్లు ఇక్కడ కట్టే వడ్డీని మర్చిపోతారు. అప్పు ఉన్నవాళ్లు జీతం పడగానే పంపేయడం మంచిది. ఎక్స్ఛేంజ్‌లో బోర్డు మీద రేటు చూడకండి, 2,000 దిర్హాములు ఇస్తే రుసుము పోను ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయని అడగండి. రేటులో పది పైసల తేడా అంటే అక్కడ 200 రూపాయలు. రుసుము ఒక్కో పంపకానికి పడుతుంది కాబట్టి అయిదు వందల చొప్పున నాలుగు సార్లు పంపితే నాలుగు రుసుములు. ఇక్కడున్న మామూలు సేవింగ్స్ ఖాతాను ఇక్కడి రాబడి కోసం ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించండి, అక్కడి సంపాదన వేయడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

షార్జాలో ఉండి దుబాయ్‌లో పనిచేస్తే కలిసొస్తుందా అంటున్నారు. అద్దె తక్కువే. ఏడాదికి 20,000 తేడా ఉందనుకుందాం, నెలకు 1,667. కారులో వెళ్తే 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో సాలిక్ గేటు, అంటే రోడ్డు టోలు, ఒక్కోసారికి 6 దిర్హాములు, పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8. రోజుకు 12, నెలకు 22 రోజులకు 264. దాని మీద పెట్రోలు, కారు వాయిదా, పార్కింగు. ఒక్క కారు ఈ ప్రయాణం కోసమే కొంటే ఆ 1,667 మిగలదు. కారు ఎలాగూ కావాలనుకునేవాళ్లకు, లేదా పని షార్జా సరిహద్దు దగ్గరి ఖిసైస్, నహ్దా వైపు ఉన్నవాళ్లకు బాగుంటుంది. దుబాయ్‌కి ఆ చివరనున్న జబల్ అలీలో పని ఉన్నవాళ్లు వద్దు. ఇత్తిహాద్ రోడ్డు మీద సాయంత్రం పోయే గంటల్ని కూడా లెక్కలో వేసుకోండి, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరతారు.

బ్యాంకు లోను? చేరిన కొన్ని నెలలకే బ్యాంకువాళ్లు ఫోన్లు చేస్తారు. ఒక్కటి తెలుసుకుని తీసుకోండి. ఉద్యోగం అయిపోయి ఫైనల్ సెటిల్‌మెంట్ ఖాతాలో పడగానే, అప్పు తీరేదాకా బ్యాంకు ఆ ఖాతాను ఆపేయొచ్చు. గ్రాట్యుటీ కూడా అందులోనే ఉంటుంది. ఉద్యోగం పోయిన నెలలో టికెట్టుకు కూడా తీసుకోలేని పరిస్థితి వస్తుంది. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ లోను లేని వేరే బ్యాంకులో ఉంచండి.

అద్దె ఏటా ఇష్టమొచ్చినట్టు పెంచుతారా? పెంచలేరండి. పెంచాలనుకుంటే అగ్రిమెంటు ముగియడానికి 90 రోజుల ముందే చెప్పాలి, ఆలస్యంగా చెబితే ఒప్పుకోనక్కర్లేదు. మీ అద్దె ఆ ఏరియా సగటు కంటే పది శాతం లోపు మాత్రమే తక్కువుంటే అసలు పెంచకూడదు. 11 నుంచి 20 శాతం తక్కువుంటే 5 శాతం దాకా, అలా మెట్లు మెట్లుగా పోతే గరిష్ఠం 20 శాతం. దుబాయ్ భూముల శాఖ సైటులో మీ భవనం పేరు కొడితే ఎంతవరకు పెంచొచ్చో చూపిస్తుంది. ఆ పేజీ ప్రింటు తీసుకుని మర్యాదగా మాట్లాడండి, చాలావరకు అక్కడే తెగిపోతుంది.

చివరి ప్రశ్న, వెనకనుంచి అక్క అడుగుతున్నారు, డిపాజిట్ తిరిగి రాకపోతే ఏం చేయాలని. తాళాలు తీసుకున్న రోజే, సామాను లోపలికి రాకముందే ఫోన్‌లో వీడియో తీయండి. గోడలు, వంటగది అరల లోపల, బాత్‌రూమ్ టైల్స్, ఏసీ గ్రిల్లు, కిటికీ అంచులు అన్నీ. కుళాయి తిప్పుతూ, సింకు కింద తలుపు తెరిచి తీయండి, లీకు అక్కడే ఉంటుంది. ఆ వీడియోను అదే రోజు ఏజెంటుకు, యజమానికి ఈమెయిల్‌లో పంపండి, తేదీ దానంతటదే పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు దేవా చివరి బిల్లు కట్టి, ఆ కాగితం ఇచ్చి, తాళాలు అప్పగించినట్టు సంతకం తీసుకోండి. మామూలు అరుగుదలకు డిపాజిట్ కోయకూడదు. అయినా ఇవ్వకపోతే అద్దె వివాదాల కేంద్రంలో ఫిర్యాదు చేయొచ్చు. అడిగే మొత్తంలో 3.5 శాతం ఫీజు, కనీసం 500 దిర్హాములు. 3,000 డిపాజిట్ కోసం 500 పెట్టాలంటే మనసొప్పదు నిజమే, కానీ గెలిస్తే ఆ ఫీజు కూడా అవతలివారి మీద వేయమని అడగొచ్చు. వీడియో ఉందని తెలిస్తే ఎక్కువమంది అంతదాకా రానివ్వరు.